విద్యార్థి కంట్రిబ్యూటర్లకు గిట్ బ్రాంచ్‌లు: ఏ పద్ధతి ఎవరికి తగినది

మొదటి పుల్ రిక్వెస్ట్ (తన మార్పును ప్రాజెక్టులో చేర్చమని పంపే అభ్యర్థన) పంపి, రివ్యూ కోసం ఎదురుచూస్తూ, ఈలోగా మరో బగ్‌ను సరిచేద్దామని కూర్చున్న విద్యార్థికి తరచుగా ఒక అనుభవం ఎదురవుతుంది. రెండో పనికి సంబంధించిన కమిట్‌ను (భద్రపరిచిన మార్పును) పుష్ చేయగానే (సర్వర్‌కు పంపగానే) అది మొదటి పుల్ రిక్వెస్ట్‌లో కనిపిస్తుంది. ప్రాజెక్టును నిర్వహించే మెయింటైనర్ వచ్చి, ఈ రెండింటికీ సంబంధమేమిటని అడుగుతారు. పుల్ రిక్వెస్ట్ ఒక బ్రాంచ్‌కు ముడిపడి ఉంటుందనీ, ఆ బ్రాంచ్ మీద తరువాత ఏది చేర్చినా అందులోకే వచ్చి చేరుతుందనీ ఆ రోజున తెలుస్తుంది. ఆ వెంటనే అసలు ప్రశ్న మొదలవుతుంది: పనికొక బ్రాంచ్ పెట్టుకోవాలా, మూడు నెలల ప్రాజెక్టు మొత్తానికి ఒకటే ఉంచుకోవాలా, ఒకదానిపై ఒకటి పేర్చుకోవాలా, లేక అసలు రిపాజిటరీలోనే చోటు అడగాలా?

ఈ ఎంపికలన్నిటికీ మూలమైన విషయం ఒకటుంది. కోడ్ మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్‌లో బ్రాంచ్ అంటే ఒక కమిట్ గుర్తింపును మాత్రమే దాచుకునే చిన్న ఫైలు. గుర్తింపులకు ఎస్‌హెచ్‌ఏ-1 అనే హాష్ పద్ధతిని వాడే రిపాజిటరీలో 40 అక్షరాలూ, వరుస ముగింపు గుర్తూ కలిపి 41 బైట్లు. అందువల్ల బ్రాంచ్‌ను తయారుచేయడానికి అయ్యే శ్రమ దాదాపు ఏమీ లేదు. మెర్జ్ కాకుండా (ప్రధాన కోడ్‌లో కలవకుండా) అది ఎన్ని రోజులు నిలిచి ఉంటే అన్ని రోజులూ అప్‌స్ట్రీమ్, అంటే అసలు రిపాజిటరీ, ముందుకు సాగిపోతూనే ఉంటుంది, ఆ దూరాన్ని పూడ్చే పని విద్యార్థి మీద పడుతుంది. బ్రాంచ్‌ల సంఖ్య పెరిగితే పెద్ద నష్టం లేదు, వాటి వయస్సు పెరిగితేనే నష్టం. కింది సలహాలన్నీ ఈ లెక్క మీదే ఆధారపడ్డాయి.

## ఎంచుకునే ముందు చూడవలసినవి

అన్నిటికంటే ముందు చూడవలసింది ఆ ప్రాజెక్టు ఆచారం. ఇది వ్యక్తిగత అభిరుచితో తేల్చుకునే విషయం కాదు, ఎందుకంటే పేరున్న ప్రాజెక్టులే పరస్పరం విరుద్ధమైన నియమాలు పెట్టుకున్నాయి. సీపైథాన్ డెవలపర్ గైడ్, పుల్ రిక్వెస్ట్ తెరిచిన తరువాత చరిత్రను తిరగరాసి ఫోర్స్ పుష్ (సర్వర్‌లోని పాత చరిత్ర స్థానంలో కొత్తది బలవంతంగా పెట్టడం) చేయవద్దని కోరుతుంది. రివ్యూ చేసేవారు ఒక్కో కమిట్‌ను విడిగా చూడాలనుకుంటారు, చివరికి అదంతా ఎలాగూ ఒకే కమిట్‌గా స్క్వాష్ అవుతుంది. రస్ట్ కంపైలర్ ప్రాజెక్టు దీనికి ఎదురు దిశలో నడుస్తుంది: పుల్ రిక్వెస్ట్‌లో మెర్జ్ కమిట్లు ఉండకూడదు, అప్‌స్ట్రీమ్ మార్పులు కావాలంటే రీబేస్ చేయాలి, అంటే తన కమిట్లను తాజా కోడ్ మీదకు తిరిగి ఎక్కించాలి. జాంగో పత్రాలు టికెట్ సంఖ్యతో బ్రాంచ్‌కు పేరు పెట్టే పద్ధతిని చూపిస్తాయి. ఓపెన్‌స్టాక్ వంటి చోట్ల గెరిట్ అనే రివ్యూ సాధనం ఉంటుంది, లినక్స్ కెర్నల్‌లో ప్యాచ్‌లు ఈమెయిల్‌లో వెళ్తాయి. ఒక ప్రాజెక్టులో నేర్చుకున్న అలవాటును మరో ప్రాజెక్టుకు మోసుకువెళ్లిన విద్యార్థి, తప్పేమీ చేయకుండానే తప్పు చేసినవాడవుతాడు. కంట్రిబ్యూటింగ్ ఫైలును చదవడంతో పాటు, ఇటీవల మెర్జ్ అయిన పది పుల్ రిక్వెస్ట్‌లను తెరిచి చూడడం మేలు. రాసిపెట్టిన నియమం పాతబడి ఉండవచ్చు, జరిగిన మెర్జ్‌లు ఇప్పటి ఆచారాన్ని చూపిస్తాయి.

రెండోది, పని ఎంతకాలం మెర్జ్ కాకుండా ఉండబోతోంది అన్నది. దీన్ని కోడ్ రాయడానికి పట్టే సమయంతో కాక, రివ్యూకు పట్టే సమయంతో కలిపి అంచనా వేయాలి. రెండు రోజుల్లో రాసిన మార్పు స్వచ్ఛంద మెయింటైనర్ల దగ్గర నెల రోజులు ఆగడం మామూలే. మూడోది, మీ పనులు ఒకదాని మీద ఒకటి ఆధారపడతాయా అన్నది. రెండో మార్పు మొదటిది లేకుండా కంపైల్ కాకపోతే మీ ఎంపికలు ఒక్కసారిగా తగ్గిపోతాయి.

నాలుగోది విద్యార్థులకే ప్రత్యేకమైనది: పరీక్షలు. ఉద్యోగిగా పనిచేసే కంట్రిబ్యూటర్ బ్రాంచ్ రోజూ కదులుతుంది, విద్యార్థి బ్రాంచ్ మూడు వారాలు ఎవరూ ముట్టుకోకుండా పడి ఉంటుంది. తిరిగి వచ్చాక ఎక్కడ ఆపామో గుర్తుపట్టగలగాలి, అప్‌స్ట్రీమ్‌తో కలపగలగాలి. దీన్ని లెక్కలోకి తీసుకోకుండా ఎంచుకున్న పద్ధతి తొలి పరీక్షల కాలంలోనే కూలిపోతుంది. చివరిగా, విద్యార్థి మధ్యలోనే వెళ్లిపోతే వేరొకరు అందుకుని కొనసాగించగలిగేలా ఏమి మిగులుతుంది అన్నది మెంటర్లు అడగవలసిన ప్రశ్న.

## ఫోర్క్‌లోని మెయిన్ మీదే పని చేయడం

ఫోర్క్ చేసి (సర్వర్‌లో సొంత నకలు తీసి), క్లోన్ చేసి (దాన్ని కంప్యూటర్‌కు తెచ్చుకుని), నేరుగా మెయిన్ అనే ప్రధాన బ్రాంచ్ మీద మార్పు చేసి పంపడం అందరికీ సహజంగా తోచే దారి. గిట్‌హబ్ వెబ్ ఎడిటర్‌లో ఒక అక్షరదోషాన్ని దిద్దినా, ఆ సైటు ప్యాచ్-1 వంటి పేరుతో ఒక బ్రాంచ్‌ను తానే సృష్టిస్తుంది. అంటే అతి చిన్న మార్పుకు కూడా మెయిన్‌ను తాకనవసరం లేదు. దీన్ని ఎంపికల్లో చేర్చింది సిఫారసు చేయడానికి కాదు, ఇప్పటికే ఇందులో ఇరుక్కున్నవారి కోసం.

బయటపడే దారి సులభమే, అయితే క్రమం తప్పకూడదు. ముందుగా చేతిలో ఉన్న మార్పులన్నీ కమిట్ చేయండి, ఎందుకంటే తరువాత వాడబోయే హార్డ్ రీసెట్ కమిట్ కాని మార్పులను చెరిపేస్తుంది. తరువాత ఉన్నచోటే ఒక కొత్త బ్రాంచ్ పేరు పెట్టండి. ఆపైన మీ కంప్యూటర్‌లోని మెయిన్‌ను అప్‌స్ట్రీమ్ మెయిన్‌కు హార్డ్ రీసెట్ చేయండి. ఇక్కడ చాలామంది ఇంకో అడుగు వేసి నష్టపోతారు: ఫోర్క్‌లోని మెయిన్‌ను కూడా వెంటనే ఫోర్స్ పుష్ చేస్తారు. ఆ మెయిన్ నుంచి తెరిచిన పుల్ రిక్వెస్ట్ ఇంకా నడుస్తుంటే, దానిలోని కమిట్లన్నీ మాయమై అది మూతపడుతుంది. ఆ పుల్ రిక్వెస్ట్ తేలేదాకా ఫోర్క్‌లోని మెయిన్‌ను అలాగే వదిలేసి, కొత్త పనులను అప్‌స్ట్రీమ్ మెయిన్ నుంచి విడి బ్రాంచ్‌లుగా మొదలుపెట్టాలి.

## పనికొక బ్రాంచ్

ఒక టికెట్, ఒక బ్రాంచ్, ఒక పుల్ రిక్వెస్ట్. ఎటూ తేల్చుకోలేని విద్యార్థికి నా సమాధానం ఇదే, కారణం లేకుండా దీన్ని విడిచిపెట్టకూడదు.

ఈ పద్ధతి సరిగా నడవడం మొదటి నిమిషంలో చేసే పని మీద ఆధారపడి ఉంటుంది. ప్రతి కొత్త బ్రాంచ్‌ను అప్పుడే ఫెచ్ చేసిన (సర్వర్ నుంచి తెచ్చుకున్న) అప్‌స్ట్రీమ్ మెయిన్ నుంచి తీయాలి. మీ కంప్యూటర్‌లోని మెయిన్ రెండు నెలల పాతది కావచ్చు, నిన్నటి బ్రాంచ్ మీద నిలబడి కొత్తది తీస్తే నిన్నటి కమిట్లు కూడా వెంట వస్తాయి. గిట్ 2.23తో 2019 ఆగస్టులో వచ్చిన స్విచ్ ఆదేశంలో బ్రాంచ్ పేరు తరువాత మొదలు స్థానాన్ని కూడా చెప్పవచ్చు కాబట్టి, స్థానిక మెయిన్‌ను అసలు వాడకుండానే రోజులు గడపవచ్చు. పుష్ మాత్రం మీ ఫోర్క్‌కు, అంటే ఆరిజిన్‌కు వెళ్లాలి. అప్‌స్ట్రీమ్ నుంచి ఫెచ్, ఆరిజిన్‌కు పుష్ అనే ఈ త్రికోణం తలకెక్కితే సగం గందరగోళం తీరుతుంది.

పేరులో టికెట్ సంఖ్య, రెండు మూడు పదాల వివరణ ఉండాలి. పరీక్షల తరువాత తిరిగి వచ్చి ఫిక్స్, ఫిక్స్-2, కొత్త-ఫిక్స్ అనే మూడు బ్రాంచ్‌లను చూసినప్పుడు ఈ సలహా విలువ తెలుస్తుంది.

ఈ పద్ధతిలో ఒక పని ఆగిపోయినా మిగతావి ఆగవు. రివ్యూ చేసేవారికి చిన్న మార్పు దొరుకుతుంది, దాన్ని వారు పని మధ్య విరామంలో కూడా చూడగలరు. పొరపాటు జరిగితే ఆ ఒక్క బ్రాంచ్‌ను పారేసి మళ్లీ తీసుకోవచ్చు. ఇబ్బందులు రెండు. మొదటిది, ఒకదానిపై ఒకటి ఆధారపడిన పనులకు ఇది చాలదు. రెండోది, బిల్డ్‌కు గంట పట్టే పెద్ద ప్రాజెక్టుల్లో బ్రాంచ్ మారిన ప్రతిసారీ మళ్లీ కంపైల్ చేయవలసి వస్తుంది. అలాంటి చోట గిట్ 2.5 నుంచి, అంటే 2015 నుంచి ఉన్న వర్క్‌ట్రీ సదుపాయంతో ఒకే రిపాజిటరీకి రెండు డైరెక్టరీలు పెట్టుకుని, ఒక్కోదానిలో ఒక్కో బ్రాంచ్‌ను ఉంచుకోవచ్చు.

మెర్జ్ అయ్యాక బ్రాంచ్‌ను తొలగించేటప్పుడు కొత్తవారు భయపడే సందర్భం ఒకటుంది. ప్రాజెక్టు స్క్వాష్ చేసి మెర్జ్ చేస్తే, మీ కమిట్ల స్థానంలో కొత్త గుర్తింపుతో ఒకే కమిట్ చేరుతుంది. చిన్న డి అక్షరంతో బ్రాంచ్‌ను తొలగించమంటే గిట్ నిరాకరించి, ఇది పూర్తిగా మెర్జ్ కాలేదని చెప్పవచ్చు. పుల్ రిక్వెస్ట్ మెర్జ్ అయిందని నిర్ధారించుకున్నాక పెద్ద డి అక్షరంతో తొలగించడంలో ప్రమాదం లేదు.

## ప్రాజెక్టు మొత్తానికి ఒకే బ్రాంచ్

గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ వంటి కార్యక్రమాల్లో చేరినవారిని ఎక్కువగా ఆకర్షించేది ఇదే. 2005లో మొదలైన ఆ కార్యక్రమం 2022 నుంచి విద్యార్థులతో పాటు ఓపెన్ సోర్స్‌కు కొత్తవారైన పెద్దలకు కూడా తెరుచుకుంది. ప్రాజెక్టులు 90, 175, 350 గంటల పరిమాణాల్లో ఉంటాయి, సాధారణ కోడింగ్ కాలం 12 వారాలు. ప్రతిపాదన ఒకటే, ప్రాజెక్టు ఒకటే అయినప్పుడు బ్రాంచ్ కూడా ఒకటే ఉంటే సరిపోతుందని అనిపించడం సహజం.

రాసేటప్పుడు ఇది నిజంగా హాయిగా ఉంటుంది. ఏ బ్రాంచ్‌లో ఉన్నామో ఆలోచించనవసరం లేదు, నిన్న రాసిన ఫంక్షన్ ఈరోజు అక్కడే ఉంటుంది. ఆ హాయికి మూల్యం పదకొండో వారంలో చెల్లించవలసి వస్తుంది. వేల వరుసల మార్పును ఒకే పుల్ రిక్వెస్ట్‌గా చూసిన మెయింటైనర్‌కు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు, చూడడం వాయిదా వేస్తారు. మూడో వారంలో తీసుకున్న ఒక రూపకల్పన నిర్ణయం తప్పని అప్పుడు తెలిస్తే, దాని మీద కట్టిన ఎనిమిది వారాల పనిని మళ్లీ రాయాలి. ఈలోగా కార్యక్రమం ముగుస్తుంది, తరగతులు మొదలవుతాయి, బ్రాంచ్ మిగిలిపోతుంది. మంచి కోడ్ ఇలా వృథా అయితే ఆ బాధ విద్యార్థిదే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అయినా ఇది సరైనదయ్యే సందర్భాలు ఉన్నాయి. మీ పని పూర్తిగా కొత్త డైరెక్టరీలో ఉండి, పాత ఫైళ్లను దాదాపు తాకకపోతే కాన్‌ఫ్లిక్ట్‌లు (ఒకేచోట ఇద్దరు చేసిన మార్పుల ఢీ) రావు. ఒక ఆలోచన సాధ్యమా కాదా తేల్చే ప్రయోగాత్మక నమూనా అయితే, అది మెర్జ్ కాకపోయినా ఫలితం దక్కినట్టే. ఈ రెండు సందర్భాల్లో కూడా మొదటి వారంలోనే డ్రాఫ్ట్ పుల్ రిక్వెస్ట్ (ఇంకా పూర్తికాలేదని గుర్తుపెట్టినది) తెరవాలి, వారానికొక నిర్ణీత రోజున అప్‌స్ట్రీమ్‌తో కలపాలి. ఒకే కాన్‌ఫ్లిక్ట్‌ను పదేపదే పరిష్కరించవలసి వస్తుంటే, ముందటి పరిష్కారాన్ని గుర్తుంచుకుని తిరిగి వర్తింపజేసే రెరెరె సదుపాయాన్ని గిట్ సెట్టింగుల్లో ఆన్ చేసుకోవడం ఉపయోగకరం.

## ఒకదానిపై ఒకటి పేర్చిన బ్రాంచ్‌లు

పనికొక బ్రాంచ్ పద్ధతి ఎక్కడ చాలకపోతుందో అక్కడ ఇది మొదలవుతుంది. మొదటి బ్రాంచ్‌లో పాత కోడ్‌ను సర్దుబాటు చేస్తారు, రెండో దాన్ని మొదటి దాని కొన నుంచి తీసి కొత్త ఇంటర్‌ఫేస్ రాస్తారు, మూడో దానిలో దాన్ని వాడే ఫీచర్ ఉంటుంది. రివ్యూ ఆలస్యమైనా మీ పని ఆగదు, రివ్యూ చేసేవారికి మాత్రం చిన్న ముక్కలే అందుతాయి. 12 వారాల ప్రాజెక్టుకు అన్ని పద్ధతుల్లో ఎక్కువ ఫలితమిచ్చేది ఇదేనని నా అభిప్రాయం, అయితే గిట్ గురించి ఎక్కువ అవగాహన కోరేది కూడా ఇదే.

ముందుగా ఫోర్క్ వల్ల వచ్చే అడ్డంకి. గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్ట్ ఏ బ్రాంచ్‌లోకి వెళ్లాలో ఆ లక్ష్య బ్రాంచ్ అప్‌స్ట్రీమ్ రిపాజిటరీలోనే ఉండాలి. మీ మొదటి బ్రాంచ్ మీ ఫోర్క్‌లో ఉంది కాబట్టి, రెండో పుల్ రిక్వెస్ట్‌ను కూడా అప్‌స్ట్రీమ్ మెయిన్‌కే తెరవాలి, అందులో రెండు బ్రాంచ్‌ల కమిట్లూ కనిపిస్తాయి. ఈ ఇబ్బంది కోసమే ఎల్ఎల్‌వీఎం ప్రాజెక్టు తన రిపాజిటరీలో యూజర్స్ అనే ముందుపదంతో, కంట్రిబ్యూటర్ పేరుతో బ్రాంచ్‌లు పెట్టుకునే వీలు కల్పించింది, కానీ దానికి కమిట్ హక్కు ఉండాలి. హక్కు లేని విద్యార్థి రెండో పుల్ రిక్వెస్ట్‌ను డ్రాఫ్ట్‌గా తెరిచి, ఇది ఫలానా దానిపై ఆధారపడింది, దయచేసి చివరి రెండు కమిట్లనే చూడండి అని వివరణలో మొదటి వాక్యంగా రాయాలి. అది రాయకపోతే రివ్యూ చేసేవారు ఒకే కోడ్‌ను రెండు చోట్ల చదువుతారు, ఓపిక పోగొట్టుకుంటారు.

రెండో కష్టం మొదటి బ్రాంచ్ మారినప్పుడు వస్తుంది. రివ్యూలో సూచించిన మార్పు కింది బ్రాంచ్‌లో చేస్తే పైవాటన్నిటినీ దాని మీదకు మళ్లీ ఎక్కించాలి. 2022 అక్టోబరులో వచ్చిన గిట్ 2.38 నుంచి రీబేస్‌కు అప్‌డేట్-రెఫ్స్ అనే ఐచ్ఛికం ఉంది. అన్నిటికంటే పై బ్రాంచ్‌లో నిలబడి దానితో రీబేస్ చేస్తే మధ్యలోని బ్రాంచ్ పేర్లు కూడా కొత్త స్థానాలకు జరుగుతాయి. ఇది రాకముందు ఒక్కో బ్రాంచ్‌ను విడిగా జరపవలసి వచ్చేది, అందుకే పాత సలహాల్లో ఈ పద్ధతి గురించి భయపెట్టే మాటలు ఎక్కువగా ఉంటాయి.

మూడోది, స్క్వాష్ మెర్జ్ చేసే ప్రాజెక్టుల్లో తప్పక ఎదురయ్యేది. మొదటి బ్రాంచ్ ఒకే కమిట్‌గా అప్‌స్ట్రీమ్‌లో చేరింది, కానీ రెండో బ్రాంచ్ అడుగున దాని పాత కమిట్లు ఇంకా ఉన్నాయి. మామూలుగా రీబేస్ చేస్తే గిట్ ఆ పాత కమిట్లను మళ్లీ వేయబోయి, మీరే రాసిన కోడ్‌తో మీకే కాన్‌ఫ్లిక్ట్ చూపిస్తుంది. దీనికి సరైన పరికరం రీబేస్‌లోని ఆన్‌టు ఐచ్ఛికం: మొదటి బ్రాంచ్ పాత కొన తరువాతి కమిట్లను మాత్రమే తీసి అప్‌స్ట్రీమ్ మెయిన్ మీద పెట్టమని చెప్పాలి. ఆ పాత కొన గుర్తింపు అవసరం కనుక, పైవి మెర్జ్ అయ్యేదాకా కింది బ్రాంచ్‌ను మీ కంప్యూటర్ నుంచి తొలగించకండి.

ఎత్తు రెండు మూడు బ్రాంచ్‌లు దాటకుండా చూసుకోవాలి. నాలుగోది పేర్చవలసి వస్తోందంటే రివ్యూ ఆగిపోయిందని అర్థం, అప్పుడు మెంటర్‌తో మాట్లాడడమే సరైన పని.

## అసలు రిపాజిటరీలోనే ప్రాజెక్టు బ్రాంచ్

ఇది విద్యార్థి ఒక్కరే తీసుకోగల నిర్ణయం కాదు, మెంటర్లూ మెయింటైనర్లూ కలిసి తీసుకోవాలి. అప్‌స్ట్రీమ్‌లోనే ఒక ఇంటిగ్రేషన్ బ్రాంచ్ తెరుస్తారు. విద్యార్థులు తమ ఫోర్క్‌ల నుంచి దానిలోకి చిన్న పుల్ రిక్వెస్ట్‌లు పంపుతారు, మెంటర్ చూసి మెర్జ్ చేస్తారు, చివర్లో ఆ బ్రాంచ్ మెయిన్‌లోకి వెళ్తుంది. ఇద్దరు ముగ్గురు విద్యార్థులు ఒకే భాగం మీద పనిచేస్తున్నప్పుడు, లేదా సగం తయారైన మార్పును మెయిన్‌లోకి అనుమతించలేనప్పుడు ఇది పనికొస్తుంది. విద్యార్థి మధ్యలో వెళ్లిపోయినా పని అందరికీ కనిపించేచోటే ఉంటుంది.

అయితే మెంటర్ ఆమోదించినదీ ప్రాజెక్టు ఆమోదించినదీ ఒకటే అని విద్యార్థి నమ్మే ప్రమాదం ఇందులో ఉంది. మిగతా మెయింటైనర్లు ఆ బ్రాంచ్‌ను మొదటిసారి చివరి మెర్జ్ రోజునే చూస్తే, ఒకే పెద్ద బ్రాంచ్‌తో వచ్చిన కష్టమే మళ్లీ వస్తుంది, ఈసారి దాన్ని ముగ్గురు మోయాలి. అందుకే బ్రాంచ్‌ను తెరిచిన రోజే అది మూతపడే తేదీని రాసిపెట్టాలి, మెయిన్ నుంచి దానిలోకి క్రమం తప్పకుండా మెర్జ్ చేసే బాధ్యత ఒక పేరు మీద ఉండాలి. ఇది అందరూ వాడే బ్రాంచ్ కాబట్టి దీన్ని రీబేస్ చేయకూడదు.

రిపాజిటరీలో రాసే హక్కుల విషయంలో తొందరపడకూడదు. టెస్టులనూ బిల్డ్‌నూ తానే నడిపే గిట్‌హబ్ యాక్షన్స్‌లో ఫోర్క్ నుంచి వచ్చిన సాధారణ పుల్ రిక్వెస్ట్ వర్క్‌ఫ్లోలకు రహస్య కీలు అందవు, వాటి టోకెన్‌కు చదివే హక్కు మాత్రమే ఉంటుంది. అదే రిపాజిటరీలోని బ్రాంచ్ నుంచి వస్తే ఆ రక్షణ ఉండదు. విద్యార్థి నిజాయితీ మీద అనుమానంతో చెబుతున్న మాట కాదిది. పొరపాటున రాసిన ఒక వర్క్‌ఫ్లో వరుస చాలు. మెర్జ్ హక్కు మెంటర్ దగ్గరే ఉంచి, విద్యార్థి ఫోర్క్ నుంచే పంపేలా చేస్తే ఈ ఏర్పాటు లాభాలన్నీ దక్కుతాయి.

వెళ్లిపోయిన విద్యార్థి పని పోతుందేమోనన్న భయంతోనే ఈ పద్ధతిని ఎంచుకుంటున్నవారు ఒక విషయం తెలుసుకోవాలి. గిట్‌హబ్‌లో ప్రతి పుల్ రిక్వెస్ట్ కొనకూ అప్‌స్ట్రీమ్ వైపున ఒక రెఫ్ (కమిట్‌ను చూపే పేరు) ఉంటుంది, ఫోర్క్‌ను తొలగించినా పుల్ రిక్వెస్ట్ సంఖ్యతో ఆ కమిట్లను ఫెచ్ చేసుకోవచ్చు. డ్రాఫ్ట్ పుల్ రిక్వెస్ట్‌లు ముందుగా తెరిపిస్తే ఆ భయం అక్కడితో తీరుతుంది.

## పుల్ రిక్వెస్ట్ లేని చోట్ల

గెరిట్ వాడే ప్రాజెక్టుల్లో రివ్యూకు ప్రమాణం కమిట్. సందేశంలోని చేంజ్-ఐడీ ఆధారంగా అది ఏ మార్పో గుర్తిస్తారు, దిద్దుబాట్లను అదే కమిట్‌లో కలిపి (అమెండ్ చేసి) మళ్లీ పంపుతారు. మీ బ్రాంచ్ పేరు మీ సౌకర్యం కోసమే. ఈమెయిల్ ప్యాచ్‌ల ప్రాజెక్టుల్లో కూడా అంతే. గిట్ సొంత ప్రాజెక్టులో ప్యాచ్‌లను మెయింటైనర్ టాపిక్ బ్రాంచ్‌లుగా మార్చి, సీన్, నెక్స్ట్, మాస్టర్ అనే మెట్ల గుండా ముందుకు తీసుకువెళ్తారు. ఇలాంటి చోట పనికొక స్థానిక బ్రాంచ్ పెట్టుకుని, కమిట్లను ముందే శుభ్రంగా విడగొట్టుకోవడం చాలు.

2010లో విన్సెంట్ డ్రీసెన్ రాసిన గిట్-ఫ్లో నమూనాలోని డెవలప్, రిలీజ్, హాట్‌ఫిక్స్ బ్రాంచ్‌లను విద్యార్థి తన ఫోర్క్‌లో పునఃసృష్టించనవసరం లేదు. నిరంతరం విడుదలయ్యే వెబ్ అప్లికేషన్లకు ఇంకా సరళమైన పద్ధతి వాడమని ఆయనే 2020లో ఆ వ్యాసానికి గమనిక జోడించారు. అలాంటి నమూనాను అనుసరించే ప్రాజెక్టులో మీరు తెలుసుకోవలసింది పుల్ రిక్వెస్ట్ ఏ బ్రాంచ్‌కు పంపాలన్నది మాత్రమే.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| పద్ధతి | తగిన పని | కాన్‌ఫ్లిక్ట్ భారం | రివ్యూ చేసేవారికి | కావలసిన గిట్ అవగాహన | విరామం తరువాత |
|---|---|---|---|---|---|
| ఫోర్క్ మెయిన్ | ఏదీ కాదు | రెండో పనితోనే మొదలు | పనులు కలగలుపు | లేదు | గందరగోళం |
| పనికొక బ్రాంచ్ | విడి విడి మార్పులు | తక్కువ | సులభం | ప్రాథమికం | సులభంగా అందుకోవచ్చు |
| ఒకే దీర్ఘ బ్రాంచ్ | కొత్త డైరెక్టరీ, నమూనా | వారం వారం పెరుగుతుంది | చాలా కష్టం | మధ్యస్థం | కష్టం |
| పేర్చిన బ్రాంచ్‌లు | ఆధారపడిన మార్పులు | మధ్యస్థం, పైకి పాకుతుంది | వివరణ ఉంటే సులభం | ఎక్కువ | నోట్స్ ఉంటేనే |
| అప్‌స్ట్రీమ్ ప్రాజెక్టు బ్రాంచ్ | పలువురు కలిసి చేసేవి | చివర్లో ఎక్కువ | మెంటర్‌కు సులభం, ఇతరులకు ఆలస్యం | విద్యార్థికి తక్కువ, మెంటర్‌కు ఎక్కువ | ఇతరులు కొనసాగిస్తారు |

## మెర్జా, రీబేసా

అప్‌స్ట్రీమ్ మార్పులను మీ బ్రాంచ్‌లోకి తెచ్చుకునే ఈ రెండు దారుల మధ్య ప్రాజెక్టు ఏదైనా కోరితే చర్చ అక్కడే ముగుస్తుంది. కోరకపోతే, రివ్యూ మొదలు కాకముందు రీబేస్, మొదలయ్యాక మెర్జ్ అన్నది కొత్తవారికి సురక్షితమైన క్రమం. రివ్యూకు ముందు చరిత్రను ఎంత తిరగరాసినా ఎవరికీ ఇబ్బంది లేదు. ఒకరు వ్యాఖ్యలు రాశాక తిరగరాస్తే, ఆ వ్యాఖ్యలు ఏ వరుసకు చెందాయో వెతుక్కోవలసిన పరిస్థితి వారికి వస్తుంది. స్క్వాష్ మెర్జ్ చేసే ప్రాజెక్టులో మధ్యలోని మెర్జ్ కమిట్లు ఎలాగూ మిగలవు.

ఫోర్స్ పుష్ తప్పనిసరైతే వట్టి ఫోర్స్ బదులు ఫోర్స్-విత్-లీజ్ వాడాలి. మెయింటైనర్లకు మీ బ్రాంచ్ మీద దిద్దే అనుమతి ఇచ్చి ఉంటే, వారు చేర్చిన కమిట్ మీకు తెలియకుండా చెరిగిపోకుండా అది ఆపుతుంది. ఎడిటర్ వెనుక నుంచి తానే ఫెచ్ చేస్తూ ఉంటే ఆ రక్షణ బలహీనపడుతుంది, కాబట్టి పుష్‌కు ముందు రిమోట్ బ్రాంచ్ లాగ్‌ను ఒకసారి కళ్లతో చూడండి. రీబేస్ చెడిపోయిందని తోస్తే కంగారుపడనవసరం లేదు: మధ్యలో ఉంటే అబార్ట్ చేయవచ్చు, పూర్తయిపోతే బ్రాంచ్ కొనల కదలికలను నమోదు చేసే రీఫ్లాగ్‌లో పాత కొన దొరుకుతుంది. ఏ బ్రాంచ్ నుంచీ చేరుకోలేని కమిట్ల నమోదులను కూడా రీఫ్లాగ్ మామూలుగా 30 రోజులు ఉంచుతుంది. కమిట్ చేయని పనికి మాత్రం ఈ భద్రత లేదు.

## ఎవరు ఏది ఎంచుకోవాలి

మొదటి ఒకటి రెండు మార్పులు పంపుతున్నవారికి పనికొక బ్రాంచ్ తప్ప మరేదీ అక్కర్లేదు. చదువు మధ్యలో అప్పుడప్పుడూ పంపేవారికి కూడా ఇదే, ఒక చేర్పుతో: ఒకేసారి రెండుకంటే ఎక్కువ పుల్ రిక్వెస్ట్‌లు తెరిచి ఉంచకండి, పరీక్షలకు వెళ్లేముందు ఎప్పుడు తిరిగి వస్తారో అక్కడ ఒక వాక్యం రాయండి. అది చూసిన మెయింటైనర్ వేచి ఉండాలో, తానే పూర్తిచేయాలో నిర్ణయించుకోగలరు.

12 వారాల ప్రాజెక్టులో ఉన్నవారు మొదటి రెండు వారాలు విడి బ్రాంచ్‌లతో చిన్న మార్పులు మెర్జ్ చేయించుకోవాలి, దానివల్ల రివ్యూ వేగం కూడా తెలుస్తుంది. రివ్యూ మూడు నాలుగు రోజుల్లో వస్తుంటే పేర్చనవసరమే లేదు. వారం దాటుతుంటే రెండు బ్రాంచ్‌ల ఎత్తు వరకు పేర్చండి. రీబేస్ ఇంకా చేతికి రాకపోతే, పేర్చే బదులు మొదటి మార్పు వెయిటింగ్‌లో ఉండగా దానితో సంబంధం లేని టెస్టులూ డాక్యుమెంటేషనూ విడి బ్రాంచ్‌లో రాయడం మంచిది.

ఒకరికంటే ఎక్కువమంది విద్యార్థులను చూసే మెంటర్, వారి పనులు ఒకే ఫైళ్లను తాకుతాయో లేదో ముందే చూడాలి. తాకకపోతే ఇంటిగ్రేషన్ బ్రాంచ్ వద్దు. తాకితే, మూసే తేదీతో సహా తెరవండి.

ఇప్పటికే ఎనిమిది వారాల దీర్ఘ బ్రాంచ్‌లో ఉన్నవారికి దారి మూసుకుపోలేదు. ముందుగా ఉన్న స్థితికి బ్యాకప్ అనే పేరుతో ఒక బ్రాంచ్ పెట్టండి. అప్‌స్ట్రీమ్ మెయిన్ నుంచి కొత్త బ్రాంచ్ తీసి, దేనిమీదా ఆధారపడని భాగాన్ని, అంటే సాధారణంగా సహాయక ఫంక్షన్లు, వాటి టెస్టులు, పాత కోడ్ సర్దుబాట్లను, కమిట్లు శుభ్రంగా ఉంటే ఎంచిన కమిట్లను తెచ్చే చెర్రీ-పిక్‌తో, లేకపోతే రిస్టోర్ ఆదేశంతో బ్యాకప్ నుంచి ఫైళ్ల వారీగా తెచ్చుకోండి. టెస్టులు నడిపి, దాన్ని మొదటి పుల్ రిక్వెస్ట్‌గా పంపండి. అది రివ్యూలో ఉండగా రెండో భాగాన్ని దానిపై పేర్చండి. చివరి భాగం కూడా విడగొట్టాక, బ్యాకప్‌లోకి కూడా అప్‌స్ట్రీమ్ మెయిన్‌ను మెర్జ్ చేసి, చివరి భాగపు బ్రాంచ్‌కూ బ్యాకప్‌కూ మధ్య తేడా (డిఫ్) చూడండి. రివ్యూలో కోరి మార్చినవి మాత్రమే అందులో కనిపించాలి. మరేదైనా కనిపిస్తే అది దారిలో జారిపోయిన పని, దాన్ని చివరి పుల్ రిక్వెస్ట్‌లోకి తెచ్చుకున్న తరువాతనే బ్యాకప్‌ను తొలగించండి.